గడప దాటే కాలు

చెప్పులు గడప బయట విడిచి, ఎడమది ఎడమవైపు, కుడిది కుడివైపు ఉండేలా కాలితోనే సర్ది, సత్యానందం షెడ్డు తాళం తీశాడు. లోపలినుంచి తోలు, కిరసనాయిలు, తుప్పు కలిసిన వాసన వచ్చింది. ఆ వాసన తగిలితే గాని ఆయనకు తెల్లారినట్టుండదు. తలుపు రెక్క పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. కాలవ వంతెన దిగినప్పటినుంచీ ఎడమ జబ్బ లాగుతోంది. ఊపిరి సర్దుకున్నాక లోపలికి నడిచాడు.

కొత్తపేట రోడ్డులో, మిషనాసుపత్రి వెనక, కొబ్బరిచెట్ల మధ్య ఉన్న పెంకుల షెడ్డు అది. అక్కడికి డాక్టర్లు బూట్లతో వస్తారు, నర్సులు చెప్పులతో వస్తారు, అదను దొరికితే మేకలు కూడా వస్తాయి. చెప్పులు బయట విడిచేది సత్యానందం ఒక్కడే. బూట్లు కుట్టే చోటికి చెప్పులు విడిచి వెళ్ళడమేమిటయ్యా అని వాచ్‌మన్ ముసలయ్య ఇన్నేళ్ళుగా వేళాకోళం చేస్తూనే ఉన్నాడు. సత్యానందం నవ్వి ఊరుకుంటాడు. ఆయన దగ్గర చెప్పుకోదగ్గ కారణమేమీ లేదు. ఈ పనిలో చేరిన కొత్తలో, పోలియో వచ్చిన పిల్ల ఒకతె, ఆయన కుట్టిన పట్టీలు కాలికి బిగించుకుని, ఆ గోడ పట్టుకుని లేచి నిలబడింది. అంతవరకూ నేలమీద పాకిన పిల్ల. లేచి కిటికీలోంచి బయటికి చూసి, "అమ్మో, కాలవ కనబడతంది" అంది. ఆ మర్నాటినుంచీ ఆయనకు అక్కడికి చెప్పులతో వెళ్ళబుద్ధి కాలేదు. అంతే.

పొద్దున్నే మొదటి పని తుప్పు తుడవడం. కోనసీమ గాలికి ఇనుము ఆగదు. నాలుగు పక్కలా కాలవలు, కింద ఊట, పైన వాన. రాత్రి మెరిసిన కడ్డీ తెల్లారేసరికి ఎర్రబడి ఉంటుంది. సత్యానందం కొబ్బరినూనె గుడ్డ తీసుకుని, వాసానికి వేలాడుతున్న కాలిపర్లను ఒక్కొక్కటే దించి తుడిచాడు. కాలికి అటూ ఇటూ రెండు ఇనుపకడ్డీలు, తొడ దగ్గరా పిక్క దగ్గరా తోలుపట్టీలు, మోకాలి దగ్గర కీలు, అడుగున బూటు. చూడటానికి అంతే. కాని కాలు చాపి లేచి నిలబడగానే కీలు పక్కనున్న రెండు రింగులు వాటంతటవే జారి టక్కున పడతాయి. ఇక ఆ మోకాలు వంగదు, మనిషి కూలబడదు. చచ్చుబడ్డ కాలికి బదులు ఇనుము నిలబడుతుంది. కూర్చోవాలంటే రింగులు పైకి లాగితే చాలు. ఎన్ని చేశాడో ఆయనకు లెక్క లేదు గాని, ఆ టక్కుమనే చప్పుడు వింటే ఈనాటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

అలాగని తన పనితనం మీద ఆయనకు పెద్ద భ్రమలు లేవు. నడిచేటప్పుడు వంగుతూ, నిలబడితే గట్టిపడుతూ, ఏ రింగులూ లేకుండా పనిచేసే అసలు మోకాలి ముందు తను చేసేది తలుపు గొళ్ళెమేనని ఆయనకు తెలుసు. ఇంటి దగ్గర భార్య జయమ్మ పీట మీంచి లేచి గిన్నె అందుకోబోతే, ఆవిడ మోకాళ్ళ వంక అలా చూస్తూ ఉండిపోతాడు. "ఏంటండీ అలా చూత్తారు, ఈ వయసులో" అని ఆవిడ కసురుకుంటుంది. ఆశ్చర్యపోతున్నానని చెప్పడం చేతగాక ఆయన కంచంలోకి చూస్తాడు.

గోడకి మేకు కొట్టి ఒక బొమ్మ తగిలించి ఉంది. ఇంగ్లీషు పత్రికలోంచి చింపిన కాగితం, చెమ్మకి అంచులు పసుపెక్కాయి. అందులో ఒక విదేశీయుడు నడుమునుంచి పాదాలదాకా ఇనుప చట్రంలో దిగి నిలబడి ఉన్నాడు. తుంటి దగ్గరా మోకాళ్ళ దగ్గరా మోటార్లు, వాటినుంచి వైర్లు. డాక్టర్ ఇందిరగారు నాలుగేళ్ళ క్రితం ఆ కాగితం తెచ్చి చదివి చెప్పింది. ఒంటికి తొడుక్కునే యంత్రమట. కాళ్ళు చచ్చుబడ్డ మనిషి అందులో దిగితే మోటార్లే కాలు ఎత్తి ముందుకు వేస్తాయట. ఇంకా పరీక్షల్లోనే ఉందట, గోడకున్న కరెంటు వదిలి ఎంతో దూరం పోలేదట. సత్యానందం ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. మనిషిని తొడుక్కున్నట్టు నడిపించే ఇనుము! ఎక్కడో తెలియని ఊళ్ళో, తెలియని మేస్త్రీలు, తనలాగే పొద్దున్నే వచ్చి ఆ రింగుల సంగతే ఆలోచిస్తున్నారన్న మాట. అప్పటినుంచి షెడ్డులో ఒంటరితనం పోయింది ఆయనకు.

తొమ్మిదింటికి ఇందిరగారు రౌండ్లు ముగించుకుని వచ్చింది. ఆయన మొహం చూసి, కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుంది. కాకినాడ వెళ్ళి గుండె పరీక్ష చేయించుకోమని నెల రోజులుగా చెబుతున్నానని గుర్తు చేసింది. తనే చీటీ రాసి ఇచ్చింది కూడా.

"సోమవారం వెళ్తానండి."

"పోయిన సోమవారం కూడా ఇదే చెప్పేరు."

"ఈసారి జయమ్మని తీసుకుని వెళ్తానండి" అన్నాడు. ఆవిడ నమ్మలేదు గాని ఇంకేమీ అనకుండా, ఇవాళ గోదావరి లంకనుంచి కనకరత్నం వస్తుంది, కాలిపర్ ఒకసారి చూడమని చెప్పి వెళ్ళింది.

కనకరత్నం పేరు వినగానే ఆయన మొహం విప్పారింది. ఆయన చేసిన వాటిలో అందమైన కాలిపర్ ఆ అమ్మాయిదే. చంటిపిల్లగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి కుడికాలు చచ్చుబడింది. పెరిగేకొద్దీ ఆ కాలు రెండోదానికంటే రెండు వేళ్ళు పొట్టి అయింది. ఇరవై దాటాక గాని ఎవరూ ఆసుపత్రికి తీసుకురాలేదు. పోయినేడు ఇక్కడే నిలబెట్టారు. వాళ్ళ నాన్న తాతబ్బాయి కొబ్బరిచెట్లెక్కి దింపు తీస్తాడు. ఎంత ఎత్తు చెట్టయినా నవ్వుతూ ఎక్కే ఆ మనిషి, కూతురు నిలబడడం చూసి గడప మీద కూలబడ్డాడు.

పదకొండు గంటలకి రావులపాలెం బస్సు దిగి తండ్రీ కూతుళ్ళు వచ్చారు. దారిలో ఎవరి తోటలోనో పొద్దున్నే నాలుగు చెట్లు దింపి వచ్చాడేమో, తాతబ్బాయి భుజాన కాళ్ళతాడు ఉంది. రెండు పాదాలకూ తగిలించుకుని మానుకి అదిమిపెట్టి ఎక్కే పీచుతాడు అది. కనకరత్నం కర్ర కూడా లేకుండా, కొంచెం ఒరుగుతూ, టక్కు టక్కుమని నడిచి వచ్చి స్టూలు మీద కూర్చుని రింగులు లాగింది. సత్యానందానికి కడుపు నిండినట్టయింది.

కాలిపర్ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. పట్టీలు మెత్తగా ఉన్నాయి, కీలు బాగా ఆడుతోంది, తుప్పు మచ్చ లేదు. ఇంత శుభ్రంగా ఉంచుకున్న మనిషిని చూడలేదని మెచ్చుకుంటూ బూటు తిరగేశాడు. అడుగు చూసి ఆగిపోయాడు. ఏడాది నడిచిన బూటు మడమ అరగాలి. ఒరిగి నడిచే మనిషిదైతే బయటి అంచు మరీ అరగాలి. ఇది నిన్న కొట్టిన అడుగులా ఉంది. తన మేకుల తలలు ఇంకా మెరుస్తున్నాయి.

తలెత్తి కనకరత్నం చేతుల వంక చూశాడు. అరచేతుల మొదట్లో చర్మం మందమెక్కి, పగిలి, నల్లబడి ఉంది.

"ఇంట్లో వేసుకోవటం లేదామ్మా?"

ఆ పిల్ల తండ్రి వంక చూసింది. తాతబ్బాయి చెప్పాడు, అదీ గర్వంగానే. "ఇంట్లోకి ఎలాగండి మేస్త్రిగారు? ఎంతైనా బూటు కదండి. గడప దాటనివ్వమండి. అరుగు మీద గోనె పరిచి పెట్టి, మేకలు నాకకుండా తట్ట బోర్లిత్తానండి. వారానికోసారి నూనె నేనే రాత్తానండి."

"మరి ఇంట్లో?"

"చేతులమీదే బాబాయిగారండి" అంది కనకరత్నం. "వంటకీ, నూతికాడికీ, అన్నిటికీ."

సత్యానందం బూటు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఎవరూ తప్పు చేయలేదు. డాక్టరమ్మ నిలబెట్టింది, తను కుట్టాడు, తండ్రి దేవుడి నగలా కాపాడాడు. ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా పిల్ల చక్కగా నడిచి చూపించింది. అందరూ సంతోషించారు. కాని మనిషి రోజంతా ఉండేది ఇంట్లో. ఈ ఏడాదంతా ఆ పిల్ల అరుగు దాకా నిలబడి, గడప దగ్గర మళ్ళీ నేలకి దిగిపోయింది. ఈ సంగతి ఆలోచించాల్సింది ఎవరు? చెప్పులు కుట్టే ఇంట పుట్టి, పుట్టిన దగ్గరనుంచి ప్రతి గడప ముందూ చెప్పులు విడిచిన తను. ఈ షెడ్డు ముందు కూడా విడిచే తను. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

మిగతాది తాతబ్బాయి మెల్లిగా చెప్పాడు. కాలనీలో ప్రభుత్వం వారి పక్కా ఇల్లు వచ్చింది. రేపు తెల్లవారుజామున గృహప్రవేశం. భార్య పోయి చాలా ఏళ్ళయింది, ఇంట్లో ఆడమనిషంటే కనకరత్నమే. ముందుగా గడప దాటి పాలు పొంగించాల్సింది తనే. నలుగురూ చూస్తుండగా పాకుతూ వెళ్ళనంటోంది. తను ఎత్తుకుని తీసుకెళ్తానంటే ఏడుస్తోంది.

"ఏడవటంలేదు నేను" అంది కనకరత్నం. "మీరెత్తుకుని తీసికెళ్ళే ఇల్లు నాకొద్దన్నాను. పాత పాకలోనే ఉంటానన్నాను."

సత్యానందం లేచి, సాయంత్రం బస్సుదాకా ఉండగలరా అని అడిగాడు. ఆయ్, ఉంటామండి అన్నాడు తాతబ్బాయి.

బూటు మడమలో రెండు గొట్టాలుంటాయి. కడ్డీల కొసలు వాటిలోకి దిగుతాయి. చీల తీస్తే ఊడి వస్తాయి. అలాంటి గొట్టాలే మరోదానికి బిగిస్తే? తోలు కాకూడదు, రబ్బరు కాకూడదు, కాలికింద చెప్పు అనిపించేదేదీ కాకూడదు. పొట్టికాలికి రెండు వేళ్ళ ఎత్తు మాత్రం ఉండాలి. మూల ఉన్న పనస చెక్క మీద ఆయన కన్ను పడింది. పెద్దవాళ్ళు చెక్క పావుకోళ్ళతో పూజగదిలో కూడా తిరుగుతారు కదా అన్నాడు. తాతబ్బాయి కాస్త ఆలోచించి తలూపాడు. చెక్కకి ఏ దోషం లేదు.

కనకరత్నం పాదం చెక్క మీద పెట్టించి చుట్టూ పెన్సిలు గీశాడు. ఉలితో చెక్కుతుంటే పసుపుపచ్చటి పొట్టు ఒళ్ళంతా పడింది. మడమకి చిన్న గుంట తీశాడు, వేళ్ళ దగ్గర కొంచెం పల్లం చేశాడు. మధ్య మధ్య ఉలి కింద పెట్టి ఊపిరి పీల్చుకున్నాడు. జబ్బ నొప్పి మెడదాకా పాకింది. తాతబ్బాయి కంగారుపడి డాక్టరమ్మని పిలవనా అంటే, ఆవిడ సోమవారం దాకా గడువిచ్చింది లెమ్మని నవ్వాడు. జయమ్మ పంపిన క్యారేజీ విప్పకుండా అలాగే ఉంది.

మూడు గంటలు దాటాక గొట్టాలు బిగించి, కడ్డీలు దించి, చీలలు కొట్టాడు. పట్టీలు బిగించాడు. కనకరత్నం లేచింది. రింగులు టక్కున పడ్డాయి. ఒక అడుగు, రెండో అడుగు. కొత్త ఇంటిది సిమెంటు గచ్చని, గడప దగ్గర నీళ్ళు చల్లుతారని తాతబ్బాయి అన్నాడు. అందుకని షెడ్డు గడప దగ్గర గచ్చు మీద సత్యానందం చెంబుడు నీళ్ళు పోశాడు. మూడో అడుగుకి చెక్క జారింది. తండ్రి పట్టుకోకపోతే ఆ పిల్ల వెల్లకిలా పడేది.

కనకరత్నం మళ్ళీ స్టూలు మీద కూర్చుని రింగులు లాగి, పగిలిన అరచేతులు ఒళ్ళో పెట్టుకుంది. సత్యానందం చెక్క అడుగు తడిమి చూశాడు. అడుగున సైకిలు టైరు కొడితే క్షణంలో పని అవుతుంది. కాని అది మళ్ళీ చెప్పే. గుడ్డ చుడితే తడికి ఇంకా జారుతుంది. గోడమీది బొమ్మ వంక చూశాడు. అంత యంత్రం తొడుక్కున్న ఆయన కాళ్ళకి కూడా బూట్లే ఉన్నాయి. వాళ్ళ ఊళ్ళో గడపలుండవు కాబోలు అనుకున్నాడు.

అప్పుడు తాతబ్బాయి భుజాన ఉన్న కాళ్ళతాడు కనబడింది.

ఇన్నాళ్ళూ ఎందరి భుజాలమీదో చూసిన తాడే. వానలో నాచుపట్టిన కొబ్బరి మాను మీద, ఆకాశంలో, మనిషి బరువంతా మోస్తుంది అది. జారదు. మోటారు లేదు, వైరు లేదు. పాదాలకు తగిలించుకుంటే చాలు, నేలమీది మనిషిని చెట్టు చిటారుకి చేర్చే వస్తువు. ఈ లంకల్లో ఎప్పటినుంచి తొడుక్కుంటున్నారో! ఇనుప చట్రం బొమ్మ చూసి అన్నం మానేసిన తను, రోజూ ఎదురుగా నడిచి వెళ్ళే ఈ తాడుని ఒక్కనాడూ చూడలేదు.

"తాతబ్బాయిగారూ, ఆ తాడు ఇస్తారా?"

తాతబ్బాయి చెయ్యి తాడు మీదికి పోయింది. వాళ్ళింట్లో ఒక పట్టింపు ఉంది. ఒకరి కాళ్ళతాడు ఇంకొకరి కాలికి తగలకూడదు. తమ్ముడు అడిగినా ఇవ్వరు. ఎవరి తాడు వాళ్ళే పేనుకోవాలి, ఎవరి ప్రాణం వాళ్ళే మోసుకోవాలి. ఆ సంగతి చెప్పి, తాడు భుజం మీంచి తీసి, చేతిలో ఒకసారి బరువు చూసుకున్నాడు. కూతురి వంక చూశాడు.

"దీని కాలు నా కాలే కదండి" అని ఇచ్చేశాడు.

చెక్క అంచున వరసగా బెజ్జాలు తొలిచి, తాడు విప్పి, పురులు కిందినుంచి పైకి, పైనుంచి కిందికి నేశాడు సత్యానందం. అల్లిక ముడి తాతబ్బాయే వేశాడు, చెట్టు మీద వేసే ముడి. అయ్యేసరికి పొద్దు వాలింది. గచ్చుమీద మళ్ళీ నీళ్ళు పోశారు. ఈసారి ఇంకో చెంబు ఎక్కువే పోశారు.

కనకరత్నం మళ్ళీ బూటు తొడుక్కుని బయటికెళ్ళి, మెట్టు మీద కూర్చుని దాన్ని విడిచి, కడ్డీలు తాడు చెక్కలోకి దించి, చీలలు తనే కొట్టుకుంది. లేచింది. టక్. బూటుని అక్కడే వదిలి గడప దాటింది. తడిగచ్చు మీద తాడు పట్టు తప్పలేదు. షెడ్డు నడిమధ్యకి వచ్చి నిలబడింది. పోలియో కాలిలో సత్తువ తీసుకుపోతుంది గాని స్పర్శ తీసుకుపోదు. బూటులో మూసుకుపోయిన ఆ పాదం కింద ఇప్పుడు పీచు గరుగ్గా తగులుతోంది.

"నాన్నా, అరికాలికి తాడు తెలుత్తంది" అంది.

తాతబ్బాయి గోడకి తిరిగి నిలబడ్డాడు. సత్యానందానికి చాలా ఏళ్ళ క్రితం ఆ కిటికీ దగ్గర నిలబడ్డ చిన్నపిల్ల గుర్తొచ్చింది. కళ్ళు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా చూస్తూ కూర్చున్నాడు. నాలుగు పురుల పీచు, ఒక చెక్క ముక్క, రెండు కడ్డీలు. వాటి మీద ఒక నిండు మనిషి నిలబడి ఉంది. ఇది తను చేసిందని ఆయనకు అనిపించలేదు. జరిగిందని మాత్రం అనిపించింది.

బయలుదేరేటప్పుడు కనకరత్నం బూటు తొడుక్కుంటూ, ఇది రేపు ఎక్కడ పెట్టాలి బాబాయిగారూ అని అడిగింది.

"గడప బయట విడువమ్మా. నలుగురిలాగే నువ్వూ బయట విడిచి లోపలికెళ్ళు."

ఆ మాటకి ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. టక్కు టక్కుమని చప్పుడు కొబ్బరిచెట్ల మధ్య బస్సు దాకా వెళ్ళింది.

సత్యానందం వాసానికి వేలాడుతున్న కాలిపర్ల వంక చూశాడు. వీటన్నిటి వెనకా గడపలున్నాయి. మిగిలిన పనస చెక్క ఒళ్ళోకి తీసుకుని, అన్నిటికంటే చిన్న బూటు దాని మీద పెట్టి చుట్టూ గీయడం మొదలుపెట్టాడు. మడమ తిరిగి, పక్క గీసి, వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు బరువనిపించింది. ఒక్క నిమిషం వెనక్కి ఆనుకుందామనుకున్నాడు.

దీపాలవేళ ముసలయ్య అటుగా వచ్చాడు. గడప బయట చెప్పులు చూసి, లోపల పనిలో ఉన్నాడు లెమ్మని పలకరించకుండా వెళ్ళిపోయాడు. రెండోసారి వచ్చినప్పుడు, దీపం లేకుండా ఏం పనని, లోపలికి తొంగిచూశాడు. సత్యానందం గోడకి ఆనుకుని, చెక్క ఒళ్ళో పెట్టుకుని, బొమ్మ వంక చూస్తున్నట్టే ఉన్నాడు. ఇందిరగారు పరుగున వచ్చి మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆయన్ని మంచం మీద కాలవగట్టు వెంట ఇంటికి తీసుకెళ్ళారు. జయమ్మ ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ కంగారులో ఆయన చెప్పుల సంగతి ఎవరికీ తోచలేదు.

మర్నాడు సాయంత్రం తాతబ్బాయి సైకిలు మీద వచ్చాడు. విస్తరాకు కప్పిన గిన్నెలో పరమాన్నం ఉంది. పాలు కనకరత్నమే పొంగించింది, నిలబడి. ఆ మాట మేస్త్రిగారికి తన నోటితో చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాడు. ఆసుపత్రిలో మనుషులు పలచగా ఉన్నారు. చాలామంది సత్యానందం వెంట సమాధుల తోటకి వెళ్ళారు. ఆ సంగతి అతనికి తెలియదు. షెడ్డు తలుపు దగ్గరికి వేసి ఉంది. గడప బయట చెప్పులున్నాయి. లోపల పనిలో ఉన్నారు కాబోలు, పిలిచి చెయ్యి ఆపించడమెందుకని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

అతని పక్కనే, మడమల దగ్గర పలచబడిపోయిన ఆ రెండు చెప్పులు, ఎడమది ఎడమవైపు, కుడిది కుడివైపు, సర్దినవి సర్దినట్టే ఉన్నాయి.